రేడియేటర్ మోత: కారణాలు వెతికి సరిచేసిన డైరీ

వేడినీళ్లతో నడిచే ఇంటి హీటింగ్‌లో ఒక్క రేడియేటర్ మోగుతుంటే చాలామంది ముందు గాలి తీస్తారు. కొన్నాళ్లు బాగుంటుంది. మళ్లీ మోగితే మళ్లీ గాలి తీస్తారు. ఆ గాలి అసలు ఎక్కణ్ణించి వస్తోందన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది. ఈ పనిలో నేను రాసుకున్న కొలతలు, ఫలితమివ్వని ప్రయత్నాలు, చివరికి మార్చిన భాగాలు వరసగా ఇక్కడ పెడుతున్నాను. ఇదే సమస్య ఉన్నవాళ్లు అవసరమైన దశ దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

ముందుగా సిస్టమ్ వివరాలు. మీది వేరే రకమైతే అంకెలు మారతాయి.

- మూసి ఉండే ప్రెషర్ సిస్టమ్, వెళ్లే పైపు, తిరిగొచ్చే పైపు విడివిడిగా ఉన్నది. మొత్తం నీళ్లు సుమారు 100 లీటర్లు.
- బాయిలర్, ప్రెషర్ గేజ్ కింది అంతస్తులో. పక్కనే గోడకు విడిగా బిగించిన 10 లీటర్ల ఎక్స్‌పాన్షన్ ట్యాంకు. సేఫ్టీ వాల్వు 3 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలమానం) దగ్గర తెరుచుకునేది.
- మోగే రేడియేటర్ మేడ మీద, ఆ లైన్లో మొదటిది. రెండు పలకల స్టీలు రేడియేటర్, ఎత్తు 600 మి.మీ., పొడవు 1000 మి.మీ. దాని పైఅంచు గేజ్ కన్నా 5 మీటర్ల ఎత్తులో ఉంది. ఈ 5 మీటర్లు గుర్తుంచుకోండి, మూడో దశలో పనికొస్తాయి.
- రేడియేటర్‌కు వచ్చే పైపులు 15 మి.మీ. రాగివి.

## దశ 1: శబ్దాలను విడదీయడం

"రేడియేటర్ మోగుతోంది" అనే మాటతో ఏ మరమ్మతూ మొదలుపెట్టలేం. ఏ శబ్దం, ఎప్పుడు, ఎక్కడ అన్నది కావాలి. అందుకని ఒక పూర్తి వేడి చక్రం, అంటే చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టి మళ్లీ చల్లారేదాకా, పక్కన కూర్చుని రాసుకున్నాను.

1. హీటింగ్ ఆపేసి రేడియేటర్ పూర్తిగా చల్లారనివ్వాలి. ఆ నిశ్శబ్దంలో గది శబ్దం కొలవాలి.
2. ఫోన్‌ను రేడియేటర్‌కు 1 మీటరు దూరంలో, ప్రతిసారీ అదే స్టూలు మీద, అదే దిశలో పెట్టాలి.
3. హీటింగ్ ఆన్ చేసి ప్రతి 5 నిమిషాలకూ గేజ్ ప్రెషర్, రెండు పైపుల ఉష్ణోగ్రత, వినబడిన శబ్దం రాయాలి.
4. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను వాల్వుకు, పైపుకు, గోడ పట్టీకి ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకు ఆనించి వినాలి. శబ్దం ఎక్కడ పుడుతోందో ఇంతకన్నా తేలిగ్గా తెలియదు.

ఫోన్ యాప్ చూపించే డెసిబెల్ అంకెను అచ్చంగా నమ్మలేం. కానీ అదే ఫోన్, అదే చోటు అయితే ముందుకీ తర్వాతకీ తేడాను నమ్మవచ్చు. మనకు కావాల్సింది ఆ తేడానే.

ఉష్ణోగ్రత కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ గురించి ఒక హెచ్చరిక. మెరిసే రాగి పైపు మీద అది చాలా తక్కువ చూపిస్తుంది. చేత్తో పట్టుకోలేనంత వేడి పైపును గోరువెచ్చగా ఉందంటుంది. పైపు చుట్టూ నల్ల ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు వేసి, ఆ టేపు మీద కొలిస్తే సరైన అంకె వస్తుంది.

చివరికి తేలింది: ఒకటి కాదు, మూడు వేర్వేరు శబ్దాలు.

- గుడగుడ: పంపు మొదలైన మొదటి కొన్ని నిమిషాలు, రేడియేటర్ పైభాగంలో. 38 డెసిబెల్.
- టిక్కు టిక్కు: వేడెక్కేటప్పుడూ, చల్లారేటప్పుడూ. పంపు ఆగిపోయాక కూడా వస్తుంది కాబట్టి దీనికి నీటి ప్రవాహంతో సంబంధం లేదు. ఎక్కువలో ఎక్కువ 44 డెసిబెల్.
- దడదడ: గది వేడెక్కి, థర్మోస్టాట్ తల (గది వేడిని బట్టి రేడియేటర్ వాల్వును దానంతటదే తెరిచి మూసే పిడి) వాల్వును దాదాపుగా మూసే సమయంలో. 52 డెసిబెల్, గోడ కూడా అదురుతుంది.

సన్నటి ఈల లాంటి శబ్దం ఉంటే నీళ్లు ఇరుకు సందులోంచి అతివేగంగా పోతున్నాయని అర్థం. బాయిలర్ దగ్గర నీళ్లు మరుగుతున్న మోత వస్తే లోపల సున్నం పేరుకుందేమో చూడాలి. ఇక్కడ ఆ రెండూ లేవు.

ఇప్పటి లెక్క: గది నిశ్శబ్దం 29 డెసిబెల్. శబ్దాలు 3, తగ్గినవి 0. చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ 1.2 బార్, పూర్తి వేడిలో 2.9 బార్.

ఆ చివరి అంకె దగ్గర ఎవరైనా ఆగాలి. ఆరోగ్యంగా ఉన్న సిస్టమ్‌లో వేడికి ప్రెషర్ కొంత పెరుగుతుంది కానీ 1.7 బార్ పెరగదు.

## దశ 2: గాలి తీయడం, అది తిరిగి రావడం

అయినా ముందు గాలే తీశాను. తీసిన గాలిని కొలవకపోతే తర్వాత పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. ఈ రేడియేటర్ బ్లీడ్ వాల్వుకు, అంటే గాలి తీసే చిన్న వాల్వుకు, చిన్న ప్లాస్టిక్ ముక్కు ఉంది. దానికి సన్నటి గొట్టం తొడిగి, రెండో కొసను నీళ్లు నింపి బోర్లించిన సీసాలోకి పెట్టాను. గాలి సీసాలో పైకి చేరుతుంది, కొలత గీతల మీద ఎంతో చదువుకోవచ్చు.

1. హీటింగ్, పంపు రెండూ ఆపి, నీళ్లు చల్లారేదాకా ఆగాలి. పంపు నడుస్తుండగా తెరిస్తే గాలి బయటికి రావడానికి బదులు లోపలికి పోయే వీలుంది.
2. బ్లీడ్ తాళంతో ఎడమవైపుకు పావు చుట్టు తిప్పాలి. పూర్తిగా విప్పకూడదు.
3. బుడగలు ఆగి నీళ్లు ధారగా రాగానే మూయాలి.
4. గేజ్ చూసి, తగ్గిన ప్రెషర్‌ను నీళ్లు నింపే కుళాయితో 1.2కి తేవాలి. తర్వాత ఆ కుళాయి గట్టిగా మూసి ఉందో లేదో రెండోసారి చూడాలి.

మొదటిసారి 620 మి.లీ. గాలి వచ్చింది. గుడగుడ పూర్తిగా పోయింది. వారం తర్వాత మళ్లీ మొదలైంది, ఈసారి 210 మి.లీ. ఆ పై వారం 190 మి.లీ.

ఇలా ఆగకుండా వస్తుంటే కారణాలు ముఖ్యంగా రెండు. ఒకటి, లోపల తుప్పు. ఆక్సిజన్ కరువైన నీళ్లలో ఇనుము తుప్పుపడితే మాగ్నటైట్ అనే నల్లటి తుప్పు పొడితో పాటు హైడ్రోజన్ కూడా పుడుతుంది. అది పైకి చేరి గాలిలాగే గుడగుడమంటుంది. రెండోది, ఎక్కడో ప్రెషర్ వాతావరణం కన్నా తగ్గి బయటి గాలి లోపలికి పీల్చబడటం.

హైడ్రోజన్ అవునో కాదో తెలుసుకోవడానికి బ్లీడ్ వాల్వు దగ్గర అగ్గిపుల్ల గీసి చూడమనే సలహా కొందరు ఇస్తారు. ఇంట్లో, కర్టెన్ల పక్కన ఆ పని ఎవరూ చేయొద్దు. నేను నీళ్లు చూశాను. గాజు గ్లాసులో పట్టిన నీళ్లు బూడిద నలుపులో ఉన్నాయి. గ్లాసుకు బయటినుంచి అయస్కాంతం ఆనిస్తే నల్ల పొడి అటువైపు చేరింది. అంటే తుప్పు ఉంది. కానీ వారానికి 200 మి.లీ. వాయువు అంతా తుప్పు నుంచే వస్తుందా? గేజ్ చూపించిన 2.9 బార్ వేరే దారి చూపిస్తోంది.

ఇప్పటి లెక్క: తీసిన వాయువు 1020 మి.లీ. గుడగుడ పోయి తిరిగొచ్చింది. టిక్కు 44, దడదడ 52, మార్పు లేదు.

## దశ 3: గాలి ఎక్కణ్ణించి వస్తోంది

ఈ డైరీలో అన్నిటికన్నా ముఖ్యమైన దశ ఇదేనని నా నమ్మకం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. 15 నుంచి 70 డిగ్రీలకు వెళ్తే సుమారు 2.2 శాతం. మన 100 లీటర్లకు 2.2 లీటర్లు అదనంగా చోటు కావాలి. ఆ చోటు ఎక్స్‌పాన్షన్ ట్యాంకు ఇస్తుంది. ట్యాంకు లోపల ఒక రబ్బరు పొర ఉంటుంది. ఒకవైపు నీళ్లు, రెండో వైపు ముందే నింపిన గాలి. నీళ్లు పెరిగితే పొర ఆ గాలిని నొక్కుతుంది. గాలివైపు ప్రెషర్ పోయి ఉంటే, చల్లగా ఉన్నప్పుడే ట్యాంకు సగం దాకా నీళ్లతో నిండిపోతుంది. ఇక వేడికి పెరిగిన నీళ్లకు చోటు తక్కువ, ప్రెషర్ అమాంతం పైకి.

కాగితం మీద లెక్క చూద్దాం. ట్యాంకు గాలి 1.0 బార్, సిస్టమ్ చల్లగా 1.2 బార్ అయితే వేడిలో 1.9 బార్ రావాలి. ట్యాంకు గాలి 0.1 బార్‌కు పడిపోయి ఉంటే అదే వేడికి 2.9 బార్ వస్తుంది. గేజ్ చూపించింది 2.9.

సేఫ్టీ వాల్వు పరిమితి 3 బార్. ఆ అంచున అది కొద్దికొద్దిగా కక్కుతుంది. బయటికి వెళ్లే దాని పైపు కింద ఒక డబ్బా పెట్టాను. పైపు మూతిని కట్టేయడం, అడ్డుపెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు, అది ప్రాణరక్షణ కోసం ఉన్న దారి. రాత్రి హీటింగ్ నడిచాక డబ్బాలో నీళ్లున్నాయి.

ఇక గొలుసు మొత్తం తెలిసిపోయింది. వేడిలో నీళ్లు కొన్ని బయటికి పోతాయి. చల్లారాక ఆ మేరకు ప్రెషర్ పడిపోతుంది. నేను మళ్లీ నింపకుండా ఉదయందాకా వదిలేసి చూస్తే గేజ్ 0.4 బార్ చూపించింది. ఇప్పుడు ఆ 5 మీటర్లు గుర్తుచేసుకోండి. 10 మీటర్ల నీటి ఎత్తు అంటే సుమారు 1 బార్, కాబట్టి 5 మీటర్లకు 0.5. గేజ్ దగ్గర 0.4 ఉంటే మేడ మీద రేడియేటర్ పైన ఉండేది 0.4 లోంచి 0.5 తీసేస్తే వచ్చే మైనస్ 0.1. వాతావరణం కన్నా తక్కువ. వాల్వు కాడ చుట్టూ ఉన్న పాత రబ్బరు రింగు నీళ్లను బయటికి కారనివ్వదు కానీ గాలిని లోపలికి పోనిస్తుంది. కింది గదుల్లో ఎందుకు మోగలేదో కూడా దీంతో తేలిపోయింది.

పైగా ప్రెషర్ పడినప్పుడల్లా నింపే కొత్త నీళ్లతో పాటు ఆక్సిజన్ వస్తుంది, అది తుప్పును మేపుతుంది. గాలి తీయడం, నీళ్లు నింపడం అనే చక్రం సిస్టమ్‌ను లోపలినుంచి తినేస్తుంది.

ట్యాంకు సరిచేసిన విధం:

1. బాయిలర్ ఆపి, సిస్టమ్ చల్లారనివ్వాలి.
2. డ్రెయిన్ కుళాయికి గొట్టం పెట్టి గేజ్ సున్నాకు వచ్చేదాకా నీళ్లు వదలాలి. నీటివైపు ప్రెషర్ ఉండగా గాలివైపు కొలిస్తే ఆ అంకెకు అర్థం లేదు.
3. ట్యాంకు మీది మూత విప్పాలి. లోపల కారు టైరుకు ఉండే వాల్వే ఉంటుంది. పిన్ను ఒక్క క్షణం నొక్కాలి. నీళ్లు వస్తే రబ్బరు పొర చిరిగినట్టే, ట్యాంకు మార్చాలి. ఇక్కడ గాలే వచ్చింది.
4. టైరు గేజ్‌తో కొలవాలి. 0.1 బార్ చూపించింది.
5. డ్రెయిన్ కుళాయి తెరిచే ఉంచి, సైకిల్ పంపుతో 1.0 బార్ దాకా గాలి కొట్టాలి. లోపల పేరుకున్న నీళ్లు గొట్టంలోంచి బయటికి వస్తాయి. అవి ఆగాక మళ్లీ కొలిచి సరిచేయాలి.
6. వాల్వు మీద సబ్బునీళ్లు పూయాలి. బుడగలు వచ్చాయి, అంటే గాలి పోయింది ఇక్కణ్ణించే. లోపలి పిన్ను మార్చి, పోయిన గాలిని మళ్లీ 1.0 బార్ దాకా కొట్టి, మళ్లీ పూశాను, బుడగలు ఆగాయి.
7. డ్రెయిన్ మూసి, 1.2 బార్‌కు నింపి, గాలి తీయాలి.

1.0 బార్ ఎందుకంటే, పైరేడియేటర్ దాకా ఉన్న ఎత్తుకు 0.5, దానిపైన కనీసం 0.3 మిగులు కావాలి. 0.8 సరిపోయేది, ఇంకాస్త ఎక్కువే పెట్టాను.

ట్యాంకు బాయిలర్ లోపలే ఉండే మోడళ్లలో ఈ పనికి బాయిలర్ కవరు తీయాల్సి వస్తుంది. గ్యాసు బాయిలర్ మూసిన కవరు జోలికి మాత్రం లైసెన్సు ఉన్న మెకానిక్ తప్ప ఎవరూ వెళ్లకూడదు.

వేడిలో ప్రెషర్ ఇప్పుడు 1.9. లెక్కా గేజ్ కలిశాయి. కానీ పని అయిపోలేదు. మర్నాడు చల్లగా 1.1, ఆ తర్వాత 1.0. ఎక్కడా తడి లేదు, సేఫ్టీ వాల్వు పైపు కింది డబ్బాలో మాత్రం చుక్కలున్నాయి. అన్నాళ్లు కక్కిన వాల్వు సీటు (లోపలి బిళ్ల ఆనుకుని మూసుకునే అంచు) మీద తుప్పు రేణువు ఇరుక్కుంటే ప్రెషర్ తక్కువున్నా కారుతూనే ఉంటుంది. దాని టోపీ తిప్పి కొద్దిగా నీళ్లు ధారగా వదిలి కడిగి చూశాను, ఒక పూట ఆగి మళ్లీ కారింది. అదే 3 బార్ గుర్తు ఉన్న కొత్త వాల్వు వేశాక డబ్బా పొడిగా ఉంది. వాల్వు మీద బార్ గుర్తు చూడకుండా ఎక్కువ పరిమితిది బిగించడం చాలా ప్రమాదకరం.

ఇప్పటి లెక్క: ప్రెషర్ చల్లగా 1.2, వేడిలో 1.9, వారం తర్వాత కూడా అంతే. ఆ వారంలో చేరిన వాయువు 30 మి.లీ. గుడగుడ పోయింది, 38 నుంచి 29కి. బయటికి తీసిన నీళ్లు మొత్తం 9 లీటర్లు. మార్చినవి: ట్యాంకు గాలి పిన్ను, సేఫ్టీ వాల్వు.

## దశ 4: దడదడ

ఈ శబ్దం వాల్వు మూసుకునేటప్పుడే వస్తోంది కాబట్టి వాల్వు దగ్గరే మొదలుపెట్టాను. ఖర్చులేని పరీక్ష ఒకటుంది. థర్మోస్టాట్ తల విప్పేస్తే వాల్వు పూర్తిగా తెరుచుకుంటుంది. అలా ఉంచితే దడదడ లేదు. తలకు బదులు వాల్వుతో వచ్చే ప్లాస్టిక్ మూతను బిగిస్తూ పిన్నును నెమ్మదిగా నొక్కితే, చివరి ఒక మిల్లీమీటరు దగ్గర మోత మొదలైంది. ఇంకాస్త బిగిస్తే ఆగిపోయింది.

తర్వాత ప్రవాహం దిశ. చల్లారిన సిస్టమ్‌ను మొదలుపెట్టి, టేపు చుట్టిన రెండు పైపులనూ కొలిచాను. ముందు వేడెక్కింది రెండో కొసన ఉన్న లాక్‌షీల్డ్ వాల్వు (ప్రవాహం ఎంతో ఒకసారి సర్ది వదిలేసే వాల్వు) వైపు పైపు. థర్మోస్టాట్ వాల్వు వైపు పైపు ఆ తర్వాత చాలాసేపటికి. అంటే నీళ్లు లాక్‌షీల్డ్ వైపు లోపలికి వచ్చి, థర్మోస్టాట్ వాల్వు గుండా బయటికి పోతున్నాయి. వాల్వు ఒంటి మీద పెయింటు గీకితే బాణం గుర్తు కనబడింది. అది రేడియేటర్ లోపలి వైపు చూపిస్తోంది. ప్రవాహం బాణానికి ఎదురు.

పాత రకం థర్మోస్టాట్ వాల్వులు ఒకే దిశకు చేసినవి. నీళ్లు సీటు కింది నుంచి వచ్చి బిళ్లను పైకి నెట్టాలి. ఎదురుదిశలో వస్తే, మూసుకోబోతున్న బిళ్లను నీళ్లే లాగి సీటు మీద కొడతాయి. ప్రవాహం ఆగగానే స్ప్రింగు దాన్ని వెనక్కి నెడుతుంది, నీళ్లు మళ్లీ లాగుతాయి. ఎదురుగాలికి గడియ వేయని తలుపు కొట్టుకున్నట్టు ఇది ఆగకుండా సాగుతుంది.

భాగాలు విప్పకుండా తగ్గించవచ్చేమో చూశాను.

- పంపు వేగం మూడో మెట్టు నుంచి ఒకటికి: 52 నుంచి 44. కానీ చివరి గది రేడియేటర్ చల్లబడింది. వెనక్కి పెట్టేశాను, రెండో మెట్టులో ఉంచాను, 48.
- లాక్‌షీల్డ్‌ను బాగా బిగించడం: 41. రేడియేటర్ కింది భాగం గోరువెచ్చగా మిగిలింది.
- థర్మోస్టాట్ తలను ఎప్పుడూ 5 మీద ఉంచడం: మోత లేదు, గదిలో ఉక్క. అలాంటప్పుడు థర్మోస్టాట్ ఎందుకు?

ఇవేవీ పరిష్కారం కాదు. మిగిలిన దారులు రెండు: రెండు కొసల వాల్వులను ఒకదాని చోట ఒకటి బిగించడం, లేదా రెండు దిశల్లోనూ పనిచేసే కొత్త వాల్వు. మొదటి దారికి భాగాలు కొనక్కర్లేదు. కానీ థర్మోస్టాట్ వాల్వు ఒళ్లు లాక్‌షీల్డ్ కన్నా 4 మి.మీ. పొడవు, నేలలోంచి వచ్చే పైపులు అంత జరగవు. పైపును లాగి బలవంతంగా కూర్చితే జాయింటు మీద ఎప్పటికీ ఒత్తిడి ఉంటుంది. అందుకే రెండోది ఎంచుకున్నాను. ఒంటి మీద రెండువైపులా బాణాలున్న వాల్వు, పొడవు పాతదాన్ని స్కేలుతో కొలిచి చూసుకుని.

1. రేడియేటర్ మట్టం కన్నా కిందికి సిస్టమ్ నీళ్లు వదలాలి. మేడ మీది బ్లీడ్ వాల్వులు తెరిస్తే త్వరగా దిగుతాయి. 31 లీటర్లు వచ్చాయి.
2. లాక్‌షీల్డ్‌ను మూస్తూ ఎన్ని చుట్లు పట్టిందో కాగితం మీద రాయాలి. ఇక్కడ రెండున్నర.
3. నట్ల కింద ట్రే పెట్టి, వాల్వు ఒంటిని ఒక పానాతో పట్టుకుని, నట్టును రెండో పానాతో విప్పాలి. ఒంటిని పట్టుకోకపోతే పైపు మెలిపడుతుంది.
4. రేడియేటర్‌లో మిగిలిన నీళ్లు పట్టి, ఇద్దరు కలిసి ఎత్తి దించాలి. సుమారు 5 లీటర్లు, సిరా నలుపు. కార్పెట్ మీద ఒక్క చుక్క పడినా మరక పోదు, మూతులకు గుడ్డలు కుక్కి మోయాలి.
5. బయట గొట్టంతో ఒకవైపు నుంచి, తర్వాత రెండో వైపు నుంచి, తలకిందులు చేసి కూడా కడగాలి. రబ్బరు సుత్తితో తేలిగ్గా తడుతుంటే అడుగున పట్టిన బురద కదులుతుంది. నీళ్లు తేటగా వచ్చేదాకా ఆపకూడదు.
6. రేడియేటర్ మరకు టెఫ్లాన్ టేపు చుట్టి కొత్త వాల్వు ముక్క బిగించాలి. మరను మనవైపు పెట్టుకుని కుడివైపుకు చుట్టాలి, లేకపోతే బిగించేటప్పుడు టేపు ఊడి వస్తుంది.
7. పైపు వైపు నట్టు చేత్తో బిగిసేదాకా తిప్పి, తర్వాత పానాతో ముప్పావు చుట్టు.

మర దగ్గర 8 చుట్ల టేపుతో చెమర్చింది. పాత మర అరిగి వదులుగా ఉంది. మళ్లీ విప్పి 14 చుట్లు వేశాక పొడిగా ఉంది. టిష్యూ కాగితం చుట్టి అరగంట వదిలేస్తే చెమ్మ ఉందో లేదో కంటికన్నా బాగా తెలుస్తుంది.

ఇప్పటి లెక్క: బయటికి తీసిన నీళ్లు 45 లీటర్లు. మార్చినవి: గాలి పిన్ను, సేఫ్టీ వాల్వు, థర్మోస్టాట్ వాల్వు.

## దశ 5: నింపడం, ప్రవాహం సర్దడం

నీళ్లు నింపేముందే తుప్పును ఆపే ద్రవం వేయాలి. 100 లీటర్లకు 1 లీటరు అన్నది సీసా మీద ఉన్న కొలత. కడిగిన రేడియేటర్ పైమూత గుండా గరాటుతో పోశాను. తర్వాత నింపడం నెమ్మదిగా, గాలి తీయడం కింది అంతస్తు నుంచి పైకి. దీనికి ఇద్దరుంటే సులువు. మా తమ్ముడు కింద గేజ్ దగ్గర నిలబడి "అన్నయ్యా, 1.2 వచ్చింది, ఇక ఆపేస్తున్నా" అని కేకేస్తుంటే నేను పైన బ్లీడ్ వాల్వులు చూసుకున్నాను.

ఇప్పుడు ప్రవాహం. పాత అమరికలో, అంటే లాక్‌షీల్డ్ రెండున్నర చుట్లు తెరిచి ఉన్నప్పుడు, వెళ్లే పైపు 70 డిగ్రీలు, తిరిగొచ్చే పైపు 66. తేడా 4 డిగ్రీలే. లైన్లో మొదటి రేడియేటర్ కాబట్టి కావాల్సినదానికన్నా ఎక్కువ నీళ్లు లాగేసుకుంటోంది.

ఎంత ఎక్కువో లెక్క వేయవచ్చు. ఈ రేడియేటర్ లేబుల్ మీద 1700 వాట్లు ఉంది, నీటి సగటు వేడికీ గదికీ 50 డిగ్రీల తేడా ఉన్నప్పుడు. 20 డిగ్రీల గదిలో, 70 వెళ్లి 66 వస్తే సుమారు 1610 వాట్లు ఇస్తుంది. 4 డిగ్రీల తేడాతో అంత వేడి మోయాలంటే నిమిషానికి 5.8 లీటర్లు కావాలి. లాక్‌షీల్డ్‌ను బిగిస్తూ తేడాను 12 డిగ్రీలకు తెస్తే, రేడియేటర్ ఇచ్చేది 1450 వాట్లు, కావాల్సిన నీళ్లు 1.7 లీటర్లు. ప్రవాహం మూడో వంతుకు పడిపోయింది, వేడి పదో వంతే తగ్గింది. 15 మి.మీ. పైపులో వేగం సెకనుకు 0.66 మీటర్ల నుంచి 0.2 మీటర్లకు వచ్చింది. ఆ మిగిలిన నీళ్లు చివరి గదికి చేరతాయి.

లాక్‌షీల్డ్‌ను పావు చుట్టు చొప్పున బిగించి, ప్రతిసారీ 15 నిమిషాలు ఆగి కొలవాలి. తొందరపడితే పైపు ఇంకా స్థిరపడకముందే అంకె చదివి మోసపోతాం. ముప్పావు చుట్టు తెరిచిన చోట 70, 58 వచ్చాయి.

గది వేడెక్కి థర్మోస్టాట్ మూసుకునే సమయంలో స్టూలు మీద ఫోన్ 31 చూపించింది. చెవికి ఏమీ వినబడదు. పంపు రెండో మెట్టులోనే ఉంది, చివరి గది రేడియేటర్ మొదటిసారి పైనుంచి కిందిదాకా వేడిగా ఉంది.

ఇప్పటి లెక్క: గుడగుడ 38 నుంచి 29. దడదడ 52 నుంచి 31. టిక్కు 44 నుంచి 43.

## దశ 6: టిక్కు

మిగిలింది లోహం సాగే శబ్దం. రాగి మీటరుకు, ఒక డిగ్రీకి సుమారు 0.017 మి.మీ. సాగుతుంది. నేల కింద 6 మీటర్ల పైపు 18 నుంచి 68 డిగ్రీలకు వేడెక్కితే 5 మి.మీ. పైపు జరగకుండా చెక్క పట్టేస్తే, ఒత్తిడి పెరిగి ఒక్కసారిగా జారుతుంది. ఆ ప్రతి జారుడూ ఒక టిక్కు.

స్క్రూడ్రైవర్‌తో వింటే మూడు చోట్లు దొరికాయి: రేడియేటర్ వేలాడే పట్టీ, పైపు నేలలోంచి పైకొచ్చే రంధ్రం, నేల కింద దూలానికి చెక్కిన గాడి.

పట్టీ దగ్గర స్టీలు మీద స్టీలు నేరుగా ఆనుతోంది. అక్కడ ఉండాల్సిన ప్లాస్టిక్ ముక్క ఒకవైపు లేనేలేదు. అది పెట్టాక శబ్దాలు దాదాపు సగం పోయాయి. చేసిన పనిలో అతి చిన్నది, ఫలితం ఎక్కువ.

నేల రంధ్రం దగ్గర మొదట సిలికాన్ స్ప్రే కొట్టాను. రెండు రోజులు నిశ్శబ్దం, తర్వాత యథాతథం. ఫోమ్ ముక్కలు కూరి చూస్తే ఇంకా అధ్వానం, పైపు మరింత బిగుసుకుని టిక్కు గట్టిగా వచ్చింది. ఖాళీ పూడ్చడం కాదు, ఖాళీ ఇవ్వడం కావాలి. గుండ్రటి ఆకురాయితో రంధ్రాన్ని చుట్టూ 3 మి.మీ. పెద్దది చేసి, పాత ప్లాస్టిక్ సీసా నుంచి కత్తిరించిన నున్నటి పట్టీని పైపుకూ చెక్కకూ మధ్య వదులుగా దూర్చాను. ఆ చోట శబ్దం ఆగిపోయింది.

దూలం గాడి కోసం ఒక చెక్క పలక ఎత్తాను. రెండు పైపులూ ఒకే ఇరుకు గాడిలో ఒకదానికొకటి రాసుకుంటూ ఉన్నాయి. గాడిని ఇంకా లోతుగా చెక్కడం సరికాదు, దూలం బలం తగ్గుతుంది. పైపులను పైకి ఎత్తగలిగినంత ఎత్తి, కింద మందపాటి ఉన్ని ఫెల్టు, మధ్యలో ఇంకో ముక్క పెట్టాను. పలకను తిరిగి బిగించేటప్పుడు మేకు పైపు మీద పడకుండా పైపు ఎక్కడుందో పలక పైన పెన్సిల్‌తో గీసి ఉంచాను.

బాయిలర్ వేడిని 70 నుంచి 60కి తగ్గించి కూడా చూశాను. సాగేది తగ్గింది, టిక్కులు మరీ అరుదయ్యాయి. కండెన్సింగ్ బాయిలర్ (బయటికి పోయే పొగలోని వేడిని కూడా వాడుకునేది) అయితే తిరిగొచ్చే నీళ్లు 55 డిగ్రీల కన్నా తక్కువుంటే ఇంధనం కూడా ఆదా. కానీ గట్టి చలిలో 60తో ఈ గది వేడెక్కడం లేదు, ఆ రోజుల్లో 70కి పెంచాల్సిందే.

చివరి లెక్క

- గది నిశ్శబ్దం: 29 డెసిబెల్
- గుడగుడ: 38 నుంచి 29
- దడదడ: 52 నుంచి 31
- టిక్కు: 44 నుంచి 33
- ప్రెషర్: చల్లగా 1.2, 70 డిగ్రీల వేడిలో 1.9
- మార్చినవి, చేర్చినవి: గాలి పిన్ను, సేఫ్టీ వాల్వు, థర్మోస్టాట్ వాల్వు, పట్టీ ప్లాస్టిక్ ముక్క, ఫెల్టు, 1 లీటరు తుప్పు నిరోధక ద్రవం
- వాడిన పనిముట్లు: పానాలు రెండు, బ్లీడ్ తాళం, టైరు గేజ్, సైకిల్ పంపు, ఇన్‌ఫ్రారెడ్ గన్, నల్ల టేపు, పొడవాటి స్క్రూడ్రైవర్, గుండ్రటి ఆకురాయి, గొట్టం, ట్రే, బకెట్లు

మిగిలిన పనులు రెండున్నాయి. చల్లగా ఉన్నప్పుడు మొదలుపెడితే నేల కింది వంపు దగ్గర ఇంకా ఒక టిక్కు వస్తోంది, దానికి రెండో పలక ఎత్తాలి. మిగతా రేడియేటర్ల నుంచి బురద ఇంకా తిరుగుతోంది కాబట్టి బాయిలర్‌కు తిరిగొచ్చే పైపు మీద అయస్కాంత ఫిల్టర్ పెట్టాలి. రెండూ హీటింగ్ సీజన్ అయిపోయాక.